గింజ తీసే చెయ్యి

ఫార్మలిన్‌లో ఒక రాత్రంతా నాని
పేగు ముక్క బల్ల మీదికొచ్చింది.
జానెడు పొడుగు. దాని వెంబడి
పసుప్పచ్చ కొవ్వు, కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా.
చీటీ మీద: చెంగల్రాయులు, అరవై మూడు, పాకాల.
వృత్తి గడిలో ఎవరో రాసినారు
బస్సు కండక్టరు, రిటైర్డ్ అని.

గడ్డను చూడ్డానికి కండ్లు చాలు.
అదేం దాక్కోలేదు,
అంచులెత్తి కూర్చోనుంది పంచాయతీ పెద్దలాగా.
కొలిచినాం, కోసినాం, రాసుకున్నాం.
అసలు పని ఆ తర్వాత, ఈ కొవ్వులో.

పన్నెండు లింఫు గ్రంథులన్నా దొరకాలంటారు ముంతాజ్ మేడం.
పన్నెండు చూసి లేదంటే కొంతన్నా నమ్మొచ్చు.
అయిదు చూసి లేదంటే
అయిదిండ్లు తట్టి ఊర్లో దొంగ లేడన్నట్టు.

నాకీ పని కాలేజీలో రాలేదు.
పుంగనూరులో మా అవ్వ
మండీ నుంచి చింతపండు మూట తెచ్చి
వాకిట్లో పోసేది. కిలోకింతని కూలి.
ఒక్క గింజ ఉండిపోయినా
సేటు మూటను కాలితో వెనక్కి తోసేవాడు.
నేను పండును ఎండకెత్తి చూస్తా ఉంటే
"కండ్లతో గాదు మే, వేళ్లతో సూడు" అనేది.
అప్పటికే ఆమె రెండు కండ్లకూ పొర.

వేళ్లతో చూస్తున్నా.
కొవ్వు నలుగుతుంది, జారుతుంది.
నలగనిది తగిలితే అక్కడ ఆగాల.
శనగ్గింజంత ఒకటి. పెసరగింజంత ఇంకోటి.
రక్తనాళం కొన కూడా అట్లే తగిలి మోసం చేస్తుంది.

మధ్యాహ్నానికి తొమ్మిది.
పెరుగన్నం తిన్నా, ఎంత కడిగినా
చేతికి అదే వాసన.
సాయంత్రానికి పదకొండు.
కింద అలిపిరి బస్సులు ఒకటే హారన్లు.

పదకొండు దగ్గర ఆగిపోతే
నన్నెవరూ అడగరు.
దొరికినవి ఇంతే అని ఒక లైను రాస్తే సరిపోతుంది.
అబద్ధం గాదు.
వెతికినంతలో దొరికినవి ఇంతే.
ఆరున్నరకు నా రేణిగుంట బస్సు.

కానీ ఈయన ముప్పై ఏండ్లు
ఒక్క టికెట్టు లెక్క తప్పినా
చీకట్లో బస్సాపించి
మొదటి సీటు నుంచి మళ్లీ తలలు లెక్కపెట్టిన మనిషై ఉంటాడు.
పాకాల, దామలచెరువు, పూతలపట్టు...
ఎక్కిన ప్రతివాణ్ణీ అడిగి ఉంటాడు
ఏ స్టేజీ? ఏ స్టేజీ?

మిగిలిన కొవ్వును ఇంకో ద్రావణంలో వేసి
మూత బిగించి పోయినా.
పొద్దునకు ఆ పసుపులో
సుద్దముక్కల్లాగా తేలినాయి నాలుగు.
అన్నిటికన్నా చిన్నది కొర్రగింజంత.
పట్టకారు కొనకు కూడా సిగ్గుపడేటంత.

రెండు రోజులకు, గాజు పలకలు.
పద్నాలుగింటిలో ఏమీ లేదు.
పదిహేనో దాని దగ్గర మేడం లేచి
తన కుర్చీ నాకిచ్చినారు, మాట్లాడకుండా.
ఊదారంగు చిన్న కణాలు, కిక్కిరిసి, గంగజాతర జనం.
వాళ్ల నడుమ
పేగు గోడ వేషం కట్టుకొని
చేతులు చేతులు పట్టుకొని వలయంగా
ఈ ఊరివి గానివి కొన్ని.

పదిహేనులో ఒకటి.
రెండు మూడయింది.
నేను బస్సెక్కిపోయుంటే రెండే.
కాగితం మీద రెండే, ఒంట్లో మూడు,
ఇంజెక్షన్లు అక్కర్లేదని ఇంటికి పంపేవాళ్లేమో.
ఇంత తెలిసీ ఆ పూట
నాకు టీ దిగలేదు.
గింజ దొరికినప్పుడు అవ్వకు ఎట్లుండేదో
ఎప్పుడూ అడగలేదు. పక్కన పెట్టేది,
మళ్లీ చెయ్యి పండులోకి.

రిపోర్టుకు ఆయనే వచ్చినాడు.
పొట్ట మీద తువ్వాలు అడ్డం పెట్టుకొని మెల్లగా నడుస్తా.
కౌంటర్లో నేనే ఉన్నా.
"ఏ స్టేజీ మా?"
డాక్టర్ గారు చెప్తారన్నా, అన్నా.
నా చేతి వైపు ఒకసారి చూసినాడు.
కాగితాన్ని నిలువుగా మడిచి, ఇంకోసారి మడిచి
పాత అలవాటు కొద్దీ
వేళ్ల సందున పెట్టుకున్నాడు, నోటు పెట్టుకున్నట్టు,
చిల్లర తర్వాత ఇస్తానన్నట్టు.